చివరి సెమిస్టర్ ఇంటర్న్‌షిప్‌కి పాతపట్నం నుంచి ఢిల్లీ వెళ్ళాలా? వెళ్ళు, కానీ ఉత్త చేతులతో వద్దు

నీ ప్రశ్నని ముందు క్లుప్తంగా చెప్తాను, తర్వాత చదివేవాళ్ళకీ అర్థమవ్వాలి కదా. నీది పాతపట్నం దగ్గర ఊరు. శ్రీకాకుళంలో డిగ్రీ మూడో ఏడాది, జర్నలిజం ఒక సబ్జెక్టు. ఆరో సెమిస్టరంతా ఇంటర్న్‌షిప్ చెయ్యాలి. ఢిల్లీలో ఒక సంస్థ జర్నలిజం విద్యార్థులకి సెమిస్టర్ ప్రోగ్రాం నడుపుతోంది. వారానికి నాలుగు రోజులు ఏదో ఒక న్యూస్ ఆఫీసులో పని, ఒక రోజు క్లాసు, దానికి ఫీజు. నాన్నగారేమో "ఢిల్లీ ఎందుకు, శ్రీకాకుళంలోనే ఏదో పేపర్లో చేసుకో" అంటున్నారు. నీకు హిందీ రాదు, ఒడియా వచ్చు. వెళ్ళాలా, మానాలా అని అడిగావు. నా కూతురి ఈడు దానివి కాబట్టి నువ్వనే రాస్తున్నాను తల్లీ, ఏమీ అనుకోకు.

నా సంగతి రెండు ముక్కల్లో. మాది నరసన్నపేట. మండల కంట్రిబ్యూటర్‌గా మొదలెట్టి, జిల్లాలో స్టాఫ్ రిపోర్టర్‌నై, ఆ తర్వాత చాలా ఏళ్ళు ఒక తెలుగు దినపత్రిక ఢిల్లీ బ్యూరోలో పనిచేశాను. ఇంటర్న్‌లు మా దగ్గరికి వస్తూ పోతూ ఉండేవారు. ఇప్పుడు విజయనగరంలో స్థిరపడ్డాను.

వెళ్ళు. అయితే రెండు షరతులు. ఒకటి, నువ్వు రాసిన కాపీని, అంటే వార్త ప్రతిని, దగ్గర కూర్చోబెట్టుకుని దిద్దే మనిషి ఆ ఆఫీసులో ఉండాలి. రెండు, రైలెక్కేటప్పటికి మన జిల్లా సంగతులు నాలుగైదు ఫైళ్ళుగా నీ దగ్గర తయారుగా ఉండాలి. మొదటిది వాళ్ళని అడిగి తేల్చుకోవాల్సింది. రెండోది పూర్తిగా నీ చేతిలో ఉన్నది, అసలు సంగతి కూడా అదే.

ఎందుకంటే ఢిల్లీ బ్యూరోలో ఇంటర్న్‌కి ఎవరూ వార్త చేతికివ్వరు. కేబినెట్ నిర్ణయం, ముఖ్యమంత్రి పర్యటన, సుప్రీంకోర్టు పెద్ద తీర్పు, ఇవన్నీ బ్యూరో చీఫ్, సీనియర్లు చూసుకుంటారు. మిగతాది ఏజెన్సీల నుంచి వస్తుంది. ఇంటర్న్‌కి మిగిలేది పీఐబీ (కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం) ప్రెస్‌నోట్ తెలుగులోకి మార్చడం, టీవీ ముందు కూర్చుని పాయింట్లు రాసుకోవడం. నాలుగు నెలలూ అదే చేసి సర్టిఫికెట్ పట్టుకుని రైలెక్కేసిన పిల్లలు ఎంతమందో. వాళ్ళలో తెలివితక్కువ వాళ్ళెవరూ లేరు. పొద్దున్నే వచ్చి "అన్నా, ఈ రోజు ఏం రాయమంటారు" అని అడిగేవారు, అంతే. అలా అడిగితే ప్రెస్‌నోటే దొరుకుతుంది. "సార్, ఈ జవాబులో మన పలాస అంకె ఒకటుంది, రాయనా" అని కాగితం పట్టుకొచ్చిన కుర్రాడికి మాత్రం జిల్లా ఎడిషన్‌లో బైలైన్, అంటే వార్త మీద వాడి పేరు, పడింది. వాడి ఇంగ్లీషు మిగతావాళ్ళకన్నా బాగుండేదేమీ కాదు.

ఆఫీసు అంటే ఏదో పెద్ద న్యూస్‌రూమ్ అని ఊహించుకోకు. ప్రాంతీయ పత్రికల ఢిల్లీ ఆఫీసులు చాలావరకు రఫీ మార్గ్‌లోని ఐఎన్ఎస్ బిల్డింగ్‌లో ఉంటాయి. ఒక గది, రెండు మూడు కంప్యూటర్లు, గోడకి టీవీ, మూల పాత పేపర్ల కట్టలు. ముగ్గురు మనుషులుంటే అది పెద్ద బ్యూరో కిందే లెక్క. పార్లమెంటు, శాస్త్రి భవన్, రైల్ భవన్, రైసీనా రోడ్డులో ప్రెస్ క్లబ్, అదే రోడ్డులో పీఐబీ వాళ్ళ నేషనల్ మీడియా సెంటర్, అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్, ఇవన్నీ ఆ చుట్టుపక్కలే. కిందికి దిగి టీ తాగేటప్పుడు పక్కన ఒడియా పేపరు వాడు, అటుపక్క మలయాళం పేపరు వాడు ఉంటారు. ఆ టీ దగ్గర వినేది ఏ క్లాసులోనూ చెప్పరు. నీకు ఒడియా వచ్చని వాళ్ళకి తెలిసిందా, ఇంక నీకు ఢిల్లీలో సగం దిగులు లేనట్టే. ఎందుకో కింద చెప్తాను.

ఏ తలుపులు నీకు తెరుచుకోవో ముందే తెలుసుకుని వెళ్ళు, అక్కడికెళ్ళాక నీరసపడకుండా ఉంటుంది. పీఐబీ ఇచ్చే అక్రెడిటేషన్ (విలేకరి గుర్తింపు) కార్డుకి ఏళ్ళ తరబడి ఫుల్‌టైమ్ అనుభవం కావాలి, ఇంటర్న్‌కి రాదు. ఆ కార్డు లేకుండా మంత్రిత్వ శాఖల బిల్డింగుల్లో స్వేచ్ఛగా తిరగలేవు. పార్లమెంటు ప్రెస్ గ్యాలరీ పాస్ సంగతీ అంతే. ఎవరైనా "మా ప్రోగ్రాంలో చేరితే పార్లమెంటు కవర్ చేయిస్తాం" అంటే నవ్వి ఊరుకో. ఎంపీ సిఫారసుతో ఒకసారి సందర్శకుల గ్యాలరీలో కూర్చోవచ్చు, అది చూసి రావడం, రిపోర్టింగ్ కాదు. తెరుచుకునే తలుపులూ తక్కువేం కాదు. ప్రెస్ క్లబ్‌లోనూ కాన్‌స్టిట్యూషన్ క్లబ్‌లోనూ జరిగే ప్రెస్‌మీట్లు, జంతర్ మంతర్ ధర్నాలు, పార్టీ ఆఫీసుల బ్రీఫింగులు, ఆంధ్రా భవన్‌కి వచ్చే వినతిపత్రాల బృందాలు. అన్నిటికన్నా పెద్ద తలుపు మాత్రం సన్సద్ డాట్ ఇన్ అనే వెబ్‌సైటు. అది పాతపట్నంలో కూర్చున్నా తెరుచుకుంటుంది. అందుకే ఈ రోజు నుంచే మొదలెట్టు.

లోక్‌సభలో రోజుకి 20 స్టార్డ్ ప్రశ్నలు, 230 వరకు అన్‌స్టార్డ్ ప్రశ్నలు ఉంటాయి. రాజ్యసభలో 15, 160. స్టార్డ్ వాటికి మంత్రి సభలో లేచి చెప్తాడు, టీవీల వాళ్ళు చూసేది దాన్నే. అన్‌స్టార్డ్ వాటికి జవాబు కాగితం మీదే వస్తుంది, గొడవలో సభ వాయిదా పడినా ఆ కాగితం వస్తుంది. నీ బతుకుతెరువు ఆ కాగితంలో ఉంది.

ఒక పీడీఎఫ్ తెరిచి చూడు. పైన శాఖ పేరు, ప్రశ్న నంబరు, జవాబు తేదీ. కింద ప్రశ్న ఏ, బీ, సీ, డీ అని ముక్కలుగా. దాని కింద మంత్రి పేరు, ఆ తర్వాత జవాబు. చాలాసార్లు "ఏ నుంచి డీ వరకు" అని నాలుగు ముక్కలకీ కలిపి ఒకే జవాబు రాసేస్తారు. అలా కలిపిన చోట ఆగు. విడివిడిగా రాస్తే ఏ ముక్కకి జవాబు లేదో బయటపడిపోతుంది, అందుకే కలుపుతారు. నువ్వు మళ్ళీ విడదీసి, ఏది వదిలేశారో చూసుకో. మొదటి రెండు పేరాలు పథకం ఎప్పుడు మొదలైంది, ఎంత గొప్పది అని ఉంటాయి, వాటిని దాటిపో. చివర అనెక్జర్ అని ఒక పట్టిక వస్తుంది, రాష్ట్రాలవారీగానో, అదృష్టం బాగుంటే జిల్లాలవారీగానో. మంజూరు, విడుదల, ఖర్చు అని మూడు కాలమ్‌లు పక్కపక్కన ఉంటాయి. మొదటి కాలమ్‌కీ మూడో కాలమ్‌కీ మధ్య ఉన్న తేడాయే నీ ఇంట్రో, అంటే వార్తలో మొదటి వాక్యం. అదే శాఖ మీద నిరుడు వచ్చిన జవాబు తీసి పక్కన పెట్టుకో. అంకె మారకుండా ఏడాది గడిచిపోయిందంటే అదీ వార్తే.

ఆ తర్వాత ఫోను తీసి మన వైపుకి చెయ్యి. ఎంపీడీవో ఆఫీసుకో, డీఎంహెచ్‌వో (జిల్లా ఆరోగ్యాధికారి) ఆఫీసుకో, ఆ ఊరి సర్పంచికో. ఢిల్లీలో ఉన్న అంకె, ఊళ్ళో ఉన్న మనిషి మాట ఒకే కాపీలో కలిశాయంటే దాన్ని కత్తిరించడానికి డెస్క్‌లో ఎవరికీ చెయ్యి రాదు. ఒక జాగ్రత్త. జిల్లా పేజీలు మెయిన్ ఎడిషన్ కన్నా ముందే మూసేస్తారు. సాయంత్రం ఆరింటికల్లా కాపీ పంపకపోతే ఎంత మంచిదైనా మర్నాటికి పాతబడిపోతుంది.

ఇంకో కిటుకు. శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు 2024 జూన్ నుంచి పౌర విమానయాన మంత్రి. మంత్రిగా ఉన్నవాళ్ళు జవాబులు చెప్తారు తప్ప ప్రశ్నలు వెయ్యరు. కాబట్టి ఆ ఎంపీ పేరుతో వెతికితే శ్రీకాకుళం మీద అప్పట్నుంచి వచ్చిన ప్రశ్నలు దొరకవు. ఊరి పేరుతో, నది పేరుతో, రైల్వే లైను పేరుతో వెతకాలి. మనవాటిని రాజ్యసభ సభ్యులు అడిగి ఉండొచ్చు, విజయనగరం ఎంపీ అడిగి ఉండొచ్చు (ఎచ్చెర్ల, రాజాం ఆ లోక్‌సభ కిందకే వస్తాయి), ఒడిశా ఎంపీలు అటువైపు నుంచి అడిగి ఉండొచ్చు. ఇంగ్లీషు స్పెల్లింగులు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, అన్ని రకాలుగా కొట్టి చూడు. అన్నట్టు 2014 నుంచి 2018 వరకు ఆ శాఖ విజయనగరం అశోక్ గజపతిరాజు దగ్గర ఉండేది. అప్పటికి విమానాశ్రయం లేని రెండు జిల్లాలకీ విమానయాన శాఖతో ఏం రుణానుబంధమో! భోగాపురం విమానాశ్రయం ఫైలు కూడా అందుకే నీ సంచిలో ఉండాలి.

మిగతా ఫైళ్ళ సంగతి. వంశధార నది నీ ఇంటి ముందు సంగతి కాబట్టి దాంతో మొదలెడతాను. ఒడిశాతో నీళ్ళ తగువు తేల్చడానికి ట్రైబ్యునల్ 2010లో వేశారు, 2017 సెప్టెంబరులో తీర్పు వచ్చింది, నేరడి బ్యారేజీకి దారి ఇచ్చింది. బ్యారేజీకి ఒడిశా వైపు 106 ఎకరాలు కావాలి. ఆ తర్వాత గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. మన వైపు రిపోర్టర్లు గొట్టా బ్యారేజీ దగ్గర నిలబడి రైతు మాట రాస్తారు, ఢిల్లీ వాళ్ళు జలశక్తి శాఖ మాట రాస్తారు. రెండూ ఒకరే రాసింది తక్కువ. ఇక్కడే నీ ఒడియా పనికొస్తుంది. అటు వైపు పేపర్లు ఏం రాస్తున్నాయో చదవగలిగే తెలుగు రిపోర్టర్లు ఢిల్లీలో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఒడిశా సరిహద్దులోని కొటియా గ్రామాలు ఎవరివన్న తగువూ అంతే. అది ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లా వైపుకి వెళ్ళిందనుకో, అయినా కేసు ఫైలు ఢిల్లీలోనే ఉంది.

రైలు సంగతి నీ ఊరికి ఇంకా దగ్గర. సౌత్ కోస్ట్ రైల్వే జోన్‌ని 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు. 2025 ఫిబ్రవరిలో కేంద్ర కేబినెట్ డివిజన్ల హద్దులు ఖరారు చేసింది. ఆ నోట్‌లో ఉన్న లెక్క ప్రకారం నౌపడా–గుణుపురం లైను పర్లాకిమిడి దగ్గర రెండు ముక్కలైంది. పాతపట్నం ఉన్న ముక్క విశాఖ డివిజన్‌కి, పర్లాకిమిడి దాటిన ముక్క కొత్త రాయగడ డివిజన్‌కి. అటు పలాస నుంచి ఇచ్ఛాపురం దాకా ఉన్న లైను మన జిల్లాలోనే ఉన్నా అదే లెక్కలో ఒడిశాలోని ఖుర్దా రోడ్ డివిజన్‌లో ఉండిపోయింది. ఆ లెక్కన ఒకే జిల్లా ప్రయాణికుడు ఫిర్యాదు చెయ్యాలంటే ఏ స్టేషన్లో రైలెక్కాడన్నదాన్ని బట్టి రెండు రాష్ట్రాల్లో ఉన్న ఆఫీసులకి రాయాలి. ఇది ఏదైనా ఢిల్లీ రిపోర్టరుకి తడుతుందా? మీ నాన్నగారికి తడుతుంది. అలాగే ఫిబ్రవరి 1న బడ్జెట్ పెట్టాక రైల్వే వాళ్ళు పింక్ బుక్ పెడతారు, ఏ ప్రాజెక్టుకి ఎంత కేటాయించారో లైను పేర్లతో సహా. ఖుర్దా రోడ్–విజయనగరం మూడో లైను, విజయనగరం–టిట్లాగఢ్ మూడో లైను, ఈ రెండు వరసలూ నిరుటివీ ఈ ఏటివీ పక్కపక్కన రాసుకున్నావంటే ఆ రాత్రికి రెండు జిల్లాల ఎడిషన్లకీ నీ కాపీ వెళ్తుంది.

మత్స్యకారుల ఫైలు. 2018 నవంబరులో గుజరాత్‌లోని వేరావల్ నుంచి వేటకెళ్ళి పాకిస్తాన్ చేతికి చిక్కిన మన వాళ్ళు 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలయ్యారు. 2008 ఒప్పందం ప్రకారం రెండు దేశాలూ ఏటా జనవరి 1న, జూలై 1న తమ జైళ్ళలో ఉన్న అవతలి దేశపు ఖైదీల, మత్స్యకారుల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. విదేశాంగ శాఖ ఆ రోజు చిన్న ప్రకటన ఇస్తుంది. కొత్త సంవత్సరం రోజు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. నువ్వు ఆ రోజు ఆఫీసులో ఉంటే, ఎచ్చెర్ల, రణస్థలం తీరంలో ఎవరింటి మనిషైనా తిరిగి రాలేదా అని కనుక్కునే ఫోను నంబర్లు నీ దగ్గర ఉంటే, అది నీ వార్తే. ఆ నంబర్లు ఢిల్లీలో దొరకవు, ఇక్కడుండగానే సంపాదించుకోవాలి.

ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి నీకు నేను చెప్పక్కర్లేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమైంది, అది రాష్ట్రం పని. కేంద్రం వైపు నుంచి ఐసీఎంఆర్ (వైద్య పరిశోధన మండలి) ఏం చేసింది, 2016లో మొదలైన జాతీయ డయాలసిస్ కార్యక్రమం కింద మన జిల్లాకి ఏం దక్కింది అన్నది ఆరోగ్య శాఖ జవాబుల్లో చూడాలి. ఇందులో ఒక హద్దు పెట్టుకో. జబ్బుకి కారణం ఇదీ అని ఎవరైనా ప్రెస్‌మీట్ పెట్టి చెప్పేస్తే, వాళ్ళ పరిశోధన పత్రం ఏ జర్నల్లో వచ్చిందో అడగకుండా రాయొద్దు. ఉద్దానం జనం అలాంటి హెడ్డింగులు చాలా చూశారు.

ఆర్టీఐ (సమాచార హక్కు) అర్జీల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే సెమిస్టర్ కాలానికి అది సరిగ్గా సరిపోతుంది. కేంద్ర శాఖలకి ఆన్‌లైన్లో 10 రూపాయల ఫీజుతో పెట్టొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. రాకపోతే, వచ్చింది చాలకపోతే మొదటి అప్పీలు. ఢిల్లీలో దిగిన మొదటి వారంలోనే నాలుగు పెట్టేశావంటే రెండైనా నువ్వక్కడ ఉండగానే చేతికొస్తాయి. మూడో నెలలో పెట్టినవి సర్టిఫికెట్ తీసుకున్నాక వస్తాయి. "ఎందుకు ఆలస్యమైంది" అని అడగొద్దు, ఎందుకు అన్న ప్రశ్నకి జవాబివ్వక్కర్లేదని తోసేస్తారు. ఫలానా ఫైలు నోట్ కాపీ ఇవ్వండి, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా వచ్చిన ఉత్తరాల కాపీలు ఇవ్వండి అని అడుగు.

కాలం విషయంలో నువ్వు అదృష్టవంతురాలివి. ఆరో సెమిస్టర్ అంటే దాదాపు బడ్జెట్ సమావేశాల కాలం. జనవరి చివర మొదలై, మధ్యలో కొన్ని వారాలు విరామం ఇచ్చి, ఏప్రిల్ దాకా సాగుతాయి. విరామంలో ఢిల్లీ ఖాళీ అని పిల్లలు సినిమాలకి తిరుగుతారు. నిజానికి అప్పుడు స్టాండింగ్ కమిటీలు శాఖల పద్దుల్ని పరిశీలిస్తుంటాయి, ఆ రిపోర్టులు మార్చిలో సభ ముందుకు వస్తాయి. ఇచ్చిన డబ్బు ఖర్చు పెట్టలేదని అన్ని పార్టీల ఎంపీలూ కలిసి శాఖని తిట్టే చోటు అది.

ఇక నాన్నగారి మాట. ఆయనన్నది తీసిపారెయ్యాల్సింది కాదు. ఎఫ్ఐఆర్ చదవడం, సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదుల దినం నాడు వరండాలో నిలబడి అర్జీదారులతో మాట్లాడటం, పోస్టుమార్టం గది బయట కుటుంబం దగ్గర ఎలా ప్రవర్తించాలో తెలియడం, ఇవి శ్రీకాకుళంలోనే వస్తాయి, ఢిల్లీలో రావు. రెండో ఏడాది తర్వాత రెండు నెలల ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేశావో నువ్వు రాయలేదు. ఏదైనా జిల్లా డెస్క్‌లోనో, స్టాఫ్ రిపోర్టర్ వెంటో చేసి ఉంటే ఢిల్లీకి నిశ్చింతగా వెళ్ళు. కంప్యూటర్ సెంటర్లో సంతకాలు పెట్టించుకుని గడిపేసి ఉంటే మాత్రం వెళ్ళే ముందు ఒక నెలైనా ఇక్కడ తిరుగు. పేరు పడకపోయినా పరవాలేదు. ఢిల్లీ డబ్బుకి ఎటూ కుదరకపోతే అమరావతి ఉంది. వెలగపూడిలో అసెంబ్లీ, సచివాలయం, నేలపాడులో హైకోర్టు. పైన చెప్పిన ఫైళ్ళ పద్ధతి అక్కడా పనిచేస్తుంది, భాష ఇబ్బంది లేదు, ఇంటికి ఒక రాత్రి ప్రయాణం.

ఫీజు దగ్గరికి వద్దాం. ఆ సంస్థ అడిగిన మొత్తాన్ని ముక్కలు చేసి చెప్పమను. వసతికి ఎంత, క్లాసులకి ఎంత, న్యూస్ ఆఫీసులో చోటు ఇప్పించడానికి ఎంత. మొదటి రెండిటికీ ఇవ్వొచ్చు, బయటి ధరతో పోల్చుకుని. మూడోదానికి పైసా ఇవ్వొద్దు. పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళ దగ్గర చోటుకి అద్దె తీసుకునే ఆఫీసులో నేర్పేవాళ్ళుండరు. ఒకచోట పిల్లల దగ్గర డబ్బు కట్టించుకుని, నోయిడాలో ఒక యూట్యూబ్ చానల్ గదిలో కూర్చోబెట్టి, సర్టిఫికెట్ మీద మాత్రం నేషనల్ మీడియా అని రాసిచ్చారు. ఆ గదిలో వాళ్ళు చేసింది థంబ్‌నెయిళ్ళు. కాబట్టి అడ్వాన్సు కట్టే ముందు ఏ ఆఫీసు, ఏ అడ్రసు, నీ కాపీ చూసేది ఎవరు, నిరుడు అదే చోట చేసిన పిల్లల బైలైన్లు ఏవి అని అడుగు. బైలైన్లు చూపించలేకపోతే ఇంక మాట అనవసరం.

ఆ సంస్థని పక్కన పెట్టి నేరుగా ప్రయత్నించే దారి కూడా ఉంది, నాకైతే అదే మేలనిపిస్తుంది. శ్రీకాకుళంలో నీకు తెలిసిన స్టాఫ్ రిపోర్టర్ ద్వారా ఎడిషన్ ఇన్‌చార్జికి, ఆయన ద్వారా ఢిల్లీ బ్యూరో చీఫ్‌కి మాట వెళ్ళాలి. ప్రిన్సిపాల్ సంతకంతో కాలేజీ లెటర్, నువ్వు రాసిన మూడు వార్తలు, ఢిల్లీ నుంచి రాయాలనుకుంటున్న నాలుగు సంగతుల చిట్టా, ఇంతే పంపు. ఆ చిట్టా చూశాక ఏ బ్యూరో చీఫూ ఊరికే కాదనడు. ఉన్నత విద్యామండలి ప్రోగ్రాం బుక్‌లో రోజువారీ లాగ్, వారం వారం రిపోర్టు నింపాలి కదా, దాని మీద ఎవరు సంతకం పెడతారో కూడా ముందే తేల్చుకో. చివర్లో ఆ సంతకం కోసం పరిగెత్తడం పెద్ద తలనొప్పి.

హిందీ గురించి మరీ బెంగపడకు. ఆఫీసులో తెలుగు, కాగితం మీద ఇంగ్లీషు. హిందీ కావలసింది ఆటోకి, ఇంటావిడకి, ధర్నాలో మాట్లాడే మనిషికి, నెల తిరిగేసరికి ఆ మాత్రం వచ్చేస్తుంది. ఒడియా తెలిసినదానికి ఇంకా తొందరగా వస్తుంది. ఇంగ్లీషు మాత్రం మాట్లాడటం కన్నా చదవడం మీద దృష్టి పెట్టు. రోజుకొక పార్లమెంటు జవాబు చదివి ఐదు వాక్యాల తెలుగు వార్తగా రాస్తే చాలు. విజయనగరంలో పుట్టిన సీ.వై. చింతామణి అలహాబాదు వెళ్ళి లీడర్ పత్రికకి ఎడిటర్ అయ్యాడు, హిందీ నడిబొడ్డున. మన వైపు నుంచి వెళ్ళినవాళ్ళలో నువ్వు మొదటిదానివి కాదు.

ఖర్చు: పీజీలో (పేయింగ్ గెస్ట్ వసతి) పంచుకునే గది, తిండి, మెట్రో కలిపి నెలకి 15 వేల నుంచి 20 వేలు వేసుకో. సత్య నికేతన్, కరోల్ బాగ్ వైపు తెలుగు పిల్లలు ఎక్కువ, గది వెతకడం తేలిక. ఆఫీసుకి దగ్గరలో పటేల్ చౌక్, సెంట్రల్ సెక్రటేరియట్ మెట్రో స్టేషన్లున్నాయి, గది ఎక్కడైనా మెట్రోకి నడిచే దూరంలో చూసుకో. రాత్రి ఎనిమిది దాటాక ఒంటరిగా ఆటోలో రావాల్సిన చోటు ఎంత చవకైనా వద్దు. జనవరి చలి మన వైపు వాళ్ళకి ఊహకందదు, స్వెటర్ అక్కడే కొనుక్కో, ఇక్కడివి ఆగవు. ఆంధ్రా భవన్ క్యాంటీన్ భోజనం వారానికొకసారి చాలు, రోజూ వెళ్తే ఢిల్లీలో ఉన్నట్టే ఉండదు.

ఆడపిల్లవి కాబట్టి ఇదొక్కటి గట్టిగా చెప్తున్నాను. పని చోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం జీతం లేని ట్రైనీలకి కూడా వర్తిస్తుంది. పదిమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే సంస్థలో ఇంటర్నల్ కమిటీ ఉండాలి. బ్యూరోలో ముగ్గురే ఉన్నా ఆ పత్రిక మొత్తానికి కమిటీ ఉంటుంది. అంతకన్నా చిన్న సంస్థ అయితే జిల్లా స్థాయిలో లోకల్ కమిటీ. ఫిర్యాదు మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. చేరిన రోజే కమిటీలో ఎవరున్నారో అడుగు. అడగడం తప్పుగా చూసే ఆఫీసు అయితే మొదటి రోజే తెలిసిపోయింది, మంచిదే. రాత్రిపూట సోర్స్‌ని కలవడానికి హోటల్‌కి రమ్మన్నారనో, ఒంటరిగా ఫలానా ఎంపీ ఇంటికి వెళ్ళమన్నారనో అంటే వెళ్ళకు. ఇంటర్న్ వెళ్ళకపోతే ఆగిపోయే వార్త ప్రపంచంలో లేదు.

వెళ్ళాలని తేల్చుకుంటే రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుచుకుంటుంది. విజయనగరం నుంచి సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పార్వతీపురం, రాయగడ, రాయ్‌పూర్ మీదుగా నిజాముద్దీన్‌లో దిగుతావు, మారక్కర్లేదు. ఈలోపు ఒక పని చెయ్యి. నేను చెప్పిన ఫైళ్ళలో ఒకటి, వంశధారో రైలో నీ ఇష్టం, పార్లమెంటు జవాబులు వెతికి తీసి, ఊళ్ళో ఇద్దరితో మాట్లాడి, మూడు వందల మాటల్లో వార్త రాసి ఇక్కడ పెట్టు. సంస్థ వాళ్ళ ఆఫర్ లెటర్ కూడా, నీ పేరు, ఫోను నంబరు కొట్టేసి. రెండూ చూసి చెప్తాను.